మనోవర్తి కేసు ఎలా వేయాలి: మొదటి కాగితం నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

"విడాకులు అయిపోయాయి కదా అక్కా, ఇప్పుడు అడిగితే ఇస్తారా?" "నేను ఉద్యోగం చేస్తున్నాను, నాకు రాదంట కదా?" "ఆయన ఉద్యోగం మానేశానంటున్నాడు, ఇంకేం చేయగలం?" పారా లీగల్ వాలంటీరుగా మా మండల న్యాయ సేవా కేంద్రంలో కూర్చున్నప్పుడల్లా ఈ మూడు ప్రశ్నల్లో ఒకటైనా వస్తుంది. ప్రతిసారీ చెప్పిందే చెబుతున్నాను కాబట్టి, ఈసారి వరుసగా రాసి పెడుతున్నాను.

ఆ మూడింటికీ ముందు పొట్టిగా జవాబు. విడాకుల తర్వాత కూడా అడగొచ్చు. ఉద్యోగం ఉన్నంత మాత్రాన హక్కు పోదు, మీ జీతం మీ ఖర్చులకూ మీరు అలవాటుపడిన బతుకుకూ చాలుతుందా అని కోర్టు చూస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి "నాకు పని లేదు" అని తప్పించుకోలేడు, కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో కూడా చెప్పింది.

భరణం అన్నా, మనోవర్తి అన్నా, కోర్టు వరండాలో వినబడే మెయింటెనెన్స్ అన్నా విషయం ఒకటే. కేసు నడిచేటప్పుడు ఇచ్చేది మధ్యంతర భరణం, విడాకుల డిక్రీతోనో (అంటే కోర్టు తుది ఉత్తర్వుతోనో) ఆ తర్వాతో ఖరారయ్యేది శాశ్వత భరణం. ఇంతకు మించి సిద్ధాంతం మీకు అక్కర్లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెళ్లి రుజువు: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటే మంచిది, లేకపోతే శుభలేఖ, ఫొటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు
- విడాకులు అయి ఉంటే డిక్రీ సర్టిఫైడ్ కాపీ
- పిల్లల జనన ధ్రువపత్రాలు, స్కూలు ఫీజు రసీదులు
- మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగం ఉంటే జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తుంటే అవి కూడా
- ఆయన సంపాదన గురించి దొరికిన ఏ కాగితమైనా
- అద్దె, మందులు, కరెంటు, గ్యాసు బిల్లులు
- ఒక నోటుబుక్కు. ఇది మాత్రం ఈరోజే కొనండి, ఎందుకో 3వ మెట్టులో చెబుతాను.

లాయరు ఫీజు కట్టుకోలేమని ఆగిపోయేవాళ్లు చాలామంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, వెళ్లి ఒక అర్జీ రాసిస్తే ప్లీడరును పెడతారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

1. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

దారులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, టెన్షన్ పడకండి, మీ పరిస్థితికి తగ్గది ఎంచుకోవడమే.

మొదటిది అన్ని మతాలవాళ్లకూ ఉన్నది. పాత సీఆర్‌పీసీలో 125వ సెక్షను కాబట్టి జనం ఇప్పటికీ "125 కేసు" అనే పిలుస్తారు, కానీ 2024 జూలై 1 నుంచి అది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను. ఫ్యామిలీ కోర్టు ఉన్న ఊళ్లలో అక్కడ, లేనిచోట ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో వేయాలి. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీని కూడా ఈ సెక్షను "భార్య"గానే లెక్కేస్తుంది. మీరు ఇప్పుడు పుట్టింట్లో ఉంటే ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు, ఆయన ఊరికి తిరగాల్సిన పని లేదు. ముస్లిం మహిళలకు ఈ దారి లేదని ఇంకా అంటుంటారు. తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, 2024 జూలై 10న, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఇలా అడగొచ్చని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పేసింది.

రెండోది హిందూ వివాహ చట్టం. విడాకుల కేసు నడుస్తుంటే 24వ సెక్షను కింద మధ్యంతర భరణమూ కేసు ఖర్చులూ, తీర్పు సమయంలో గానీ ఆ తర్వాత ఎప్పుడైనా గానీ 25వ సెక్షను కింద శాశ్వత భరణమూ అడగొచ్చు. ఆ "తర్వాత ఎప్పుడైనా" అన్నదే చాలామందికి తెలియదు. డిక్రీలో భరణం మాటే లేకపోయినా తలుపు మూసుకుపోలేదు. ఈ రెండు సెక్షన్లనూ సంపాదన లేని భర్త కూడా వాడుకోవచ్చు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలో, రిజిస్టర్ పెళ్లిళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో ఇలాంటి సెక్షన్లే ఉన్నాయి, కాకపోతే అక్కడ అడిగే హక్కు భార్యకే.

మూడోది గృహ హింస చట్టం, 2005. కొట్టడం, ఇంట్లోంచి గెంటేయడం లాంటివి ఉంటే ఖర్చులతో పాటు ఉండటానికి చోటు కూడా ఇందులో అడగొచ్చు.

ఒకటి కంటే ఎక్కువ దారుల్లో వెళ్లడం తప్పు కాదు. కానీ ఒక కోర్టులో వచ్చిన ఆర్డరును ఇంకో కోర్టుకు చెప్పి తీరాలి, రెండో కోర్టు ఆ మొత్తాన్ని సర్దుబాటు చేస్తుంది. దాచిపెడితే మీ మాట మీద నమ్మకమే పోతుంది.

జాగ్రత్త: పెద్దమనుషుల్లో రాసుకున్న కాగితాన్ని విడాకులు అనుకోవద్దు. ఒకావిడ పాలిథిన్ కవర్లో మడిచి పెట్టుకున్న వంద రూపాయల స్టాంపు పేపరు తెచ్చింది, మడతల దగ్గర చిరిగిపోతోంది, కింద అయిదుగురి సంతకాలు, మధ్యలో ఒక వాక్యం: "ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఎట్టి హక్కులూ లేవు." ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఆవిడ ఏడేళ్లు ఏమీ అడగలేదు. అలాంటి కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు, విడాకుల ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో రుజువు చేసుకోగలిగితే తప్ప. భరణం ఎప్పటికీ అడగనని రాసిచ్చినంత మాత్రాన 144 కింద దారి మూసుకుపోదు. మీ దగ్గరా అలాంటి కాగితం ఉంటే పారేయకండి, ప్లీడరుకు చూపించండి.

2. ఆయన సంపాదన కూపీ లాగండి

కేసులో సగం బలం ఇక్కడే. "బాగా సంపాదిస్తాడండీ" అంటే జడ్జి గారు రాసుకోవడానికి ఏమీ ఉండదు.

ఉద్యోగి అయితే పాత జీతం స్లిప్పు ఫొటో, ఫారం 16, కలిసి లోను తీసుకున్నప్పుడు బ్యాంకుకిచ్చిన కాగితాలు వెతకండి. ఏదీ లేకపోయినా ఆఫీసు పేరు, హోదా తెలిస్తే చాలు, జీతం వివరాలు యజమాని నుంచి తెప్పించమని కోర్టునే అడగొచ్చు. వ్యవసాయమైతే ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్లలో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలో 1బి, అడంగల్, తెలంగాణలో భూభారతిలో పాస్‌బుక్ వివరాలు తీయించండి. ఇల్లూ స్థలాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పెట్టించండి. కేసు వేస్తారని తెలిశాక తమ్ముడి పేరుకో తల్లి పేరుకో గిఫ్టు రాసేసిన సంగతులు ఈసీలోనే బయటపడతాయి, ఆ తేదీ మీకు మంచి ఆయుధం. వ్యాపారమైతే షాపు బోర్డు, బిల్లు పుస్తకం, ఫోన్‌పే క్యూఆర్ స్టిక్కరు మీద పేరు, లారీలూ కార్లూ ఉంటే నంబర్లు, ఏదైనా సరే ఫొటో తీసి పెట్టండి.

ఆయన ఫోన్ పాస్‌వర్డు కనుక్కుని స్టేట్‌మెంట్లు దింపుకోవడం లాంటివి మాత్రం వద్దు. అది మీ మీదకే ఇంకో కేసుగా తిరగొచ్చు.

ఒక సంగతి ముఖ్యం. "చేతికి 18 వేలే వస్తోంది" అని ఆయన స్లిప్పు చూపిస్తే కటింగులు ఏమిటో చూడండి. పన్ను, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలు వేరు, ఆయన కావాలని పెట్టుకున్న చిట్టీ, సొసైటీ లోను, ఎల్ఐసీ వేరు. రెండో రకాన్ని కోతగా లెక్కలోకి తీసుకోవద్దని మీ ప్లీడరు గట్టిగా అడగాలి.

3. మీ ఖర్చు నిజంగా ఎంతో లెక్క కట్టండి

ఇక్కడ తప్పులు రెండు వైపులా జరుగుతాయి. కొందరు మొహమాటపడి అయిదు వేలు చాలంటారు, కొందరు కోపంతో లక్ష అంటారు. రెండూ నిలబడవు.

నోటుబుక్కులో రెండు నెలల పాటు రోజువారీ ఖర్చు రాయండి. మా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి గోడ క్యాలెండరే చుట్టచుట్టి తెచ్చింది. ప్రతి తేదీ గడిలోనూ పాలు, కూరగాయలు, బాబు నెబ్యులైజర్ మందు, ఆటో అని పెన్సిలుతో సన్నగా రాసుకుంది, పండగ రోజు గడి ఖాళీగా ఉంది. దాని మీద కూర్చుని గంటలో ఖర్చుల పట్టీ తయారుచేశాం, అవతలి ప్లీడరు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆ అమ్మాయి తడబడలేదు, ఎందుకంటే అందులో ఊహించి రాసింది ఒక్కటీ లేదు.

నెలనెలా వచ్చేవి ఒకవైపు, ఏడాదికోసారి వచ్చేవి (స్కూలు అడ్మిషను, పుస్తకాలు, బట్టలు, బీమా) ఇంకోవైపు రాసి, ఏడాదివి 12తో భాగించి కలపండి. పుట్టింట్లో ఉంటున్నాం కాబట్టి అద్దె రాయకూడదని అనుకుంటారు, కానీ అమ్మానాన్నలు పెడుతున్న ఖర్చు ఆయన బాధ్యతను తీసేయదు, అక్కడ మీ వంతు ఎంతో రాయండి. పిల్లలకు ఎంతో విడిగా చూపించండి, మీ మొత్తంలో కలిపేయకండి.

ఎంత అడగాలన్నదానికి స్థిరమైన సూత్రం లేదు. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం సబబుగా ఉంటుందని సుప్రీంకోర్టు అన్నది, అందరూ దాన్నే పట్టుకుంటారు. ఆ కేసులో నికర జీతం 95 వేల పైచిలుకు, చివరికి ఖరారైంది నెలకు 20,000, అంటే 25 శాతం కన్నా తక్కువే, ఎందుకంటే ఆయనకు రెండో పెళ్లై ఇంకో బిడ్డ కూడా ఉన్నారు. కాబట్టి 25 అనేది మీరు సరిచూసుకోవడానికే, చట్టం కాదు. ఇంకొకటి, "మనోవర్తి అయిదు వందలకు మించి ఇవ్వరు" అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పరిమితి 2001లోనే ఎత్తేశారు.

4. ఆస్తి అప్పుల అఫిడవిట్ నింపండి

2020 నవంబరు 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, భరణం కేసులో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపత్రంలో చెప్పి తీరాలి. నమూనా ఆ తీర్పుకే జతచేసి ఉంది, వ్యవసాయదారులకు వేరే నమూనా కూడా ఉంది. రైతు కుటుంబమైతే అదే వాడుతున్నారా అని ప్లీడరును అడగండి, ఉద్యోగుల నమూనాలో నింపితే పంట, కౌలు, పశువుల సంగతులు రాయడానికి చోటే ఉండదు.

ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టి "మీరే నింపండి సార్" అనొద్దు. మీరు ప్రమాణం చేస్తున్న కాగితం అది. ప్రతి పేజీ చదవండి, ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకోండి.

అన్నిటికంటే చేటు చేసే తప్పు ఉద్యోగం దాచడం. నెలకు 12 వేలకు ప్రైవేటు స్కూల్లో చెబుతున్నా "ఏ ఆదాయమూ లేదు" అని రాస్తారు, అవతలివాళ్లు స్కూలు వార్షికోత్సవం ఫొటో తెచ్చి చూపిస్తారు, ఆపైన మీరు చెప్పే నిజాలు కూడా అనుమానంగానే కనిపిస్తాయి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినందుకు చర్య కూడా ఉంటుంది. 12 వేలు వస్తోంది, 21 వేలు ఖర్చవుతోంది అని రాస్తే ఆ తేడాయే మీ కేసు.

5. అసలు పిటిషనూ మధ్యంతర పిటిషనూ ఒకే రోజు వేయండి

ఆలస్యం చేయొద్దు అని నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఆ 2020 తీర్పు ప్రకారం భరణం పిటిషను వేసిన తేదీ నుంచి లెక్కగట్టి ఇవ్వాలి. ఆయన వదిలేసిన రోజు నుంచి కాదు, ఆర్డరు వచ్చిన రోజు నుంచి కూడా కాదు. "వచ్చి మాట్లాడతామన్నారు, పండగ వెళ్లనీ" అంటూ గడిపిన ఒక్కో నెలా పోయినట్టే. రాజీ మాటలు కేసు వేశాక కూడా మాట్లాడుకోవచ్చు.

అసలు కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, అందుకే మధ్యంతర పిటిషను (ఐఏ) తప్పనిసరి. చట్టం నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలంటుంది, సుప్రీంకోర్టు నాలుగు నుంచి ఆరు నెలలు దాటొద్దంది. నిజంగా జరిగేది వాయిదాల ఒత్తిడిని బట్టి ఉంటుంది, ఆ గడువులు మీ ప్లీడరు గుర్తుచేస్తూ ఉండాలి.

వేశాక చూసుకోవాల్సినవి: కేసు నంబరు పడిందా, ఐఏ నంబరు విడిగా పడిందా, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) మీ దగ్గరుందా. ఆ నంబరును ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా మీ ఫోన్లోనే కనిపిస్తుంది. యాప్‌లో ఐఏ కనబడకపోతే అది ఇంకా వేయలేదేమో, లేదా ఆఫీసు అభ్యంతరాలతో తిప్పిపంపిందేమో, వెంటనే అడగండి.

6. వాయిదాలప్పుడు

నోటీసు తీసుకోకుండా తిరగడం పాత ఎత్తు. ఇంటి అడ్రసుతో పాటు ఆఫీసు అడ్రసు, వాట్సాప్ నంబరు, మెయిల్ కూడా పిటిషనులో ఇవ్వండి. రాకపోతే ఆయన లేకుండానే ఎక్స్‌పార్టీ ఆర్డరు ఇస్తారు, కానీ సంబరపడి కాగితాలు సర్దేయకండి, మూడు నెలల్లోపు సరైన కారణం చూపి దాన్ని పక్కన పెట్టించుకునే వీలు ఆయనకుంది.

అఫిడవిట్ వేయడానికి ఆయనకు నాలుగు వారాలు, మహా అయితే రెండు అవకాశాలు. అంతకు మించి సాగదీస్తే ఆయన డిఫెన్సు (కేసులో ఆయన వాదన) కొట్టేయమని అడగొచ్చు.

"కాపురానికి రమ్మంటే రావట్లేదు" అనేది ఆయన తరఫున వేసే ప్రతి కౌంటరులోనూ (జవాబు కాగితంలోనూ) ఉంటుంది. సరైన కారణం లేకుండా రానంటే 144 కింద భరణం ఆగిపోతుంది నిజమే, అందుకే ఎందుకు వెళ్లలేదో మొదటి పిటిషనులోనే తేదీలతో రాయించండి. కాపురానికి రమ్మని ఆయనకు కోర్టు డిక్రీ వచ్చినా, వెళ్లకపోవడానికి తగిన కారణం ఉంటే భరణం రావచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

7. ఒకేసారి పెద్ద మొత్తమా, నెలనెలానా

పరస్పర అంగీకారంతో విడిపోతున్నవాళ్లు ఎక్కువగా ఒకేసారి మొత్తం తీసుకుంటారు. ఆయన స్థిరంగా లేని మనిషైతే, విదేశానికి వెళ్లిపోయేవాడైతే, నా సలహా కూడా అదే. ప్రభుత్వ ఉద్యోగి అయితే నెలనెలా తీసుకోవడంలో భయం తక్కువ, ఎందుకంటే భరణం డిక్రీ అమలులో జీతంలో మూడో వంతు మాత్రమే వదిలి మిగతా మూడింట రెండు వంతుల దాకా అటాచ్ చేయించొచ్చు.

ఒకేసారి తీసుకుంటే ఇవి మర్చిపోకండి. డబ్బు డీడీగా తీసుకోండి, ముందు తేదీ చెక్కులు వద్దు. విడాకులకు ఒప్పుకుంటున్నానని కోర్టులో చివరి స్టేట్‌మెంటు ఇచ్చే రోజుకు పూర్తి మొత్తం మీ చేతిలోనో కోర్టు డిపాజిట్‌లోనో ఉండాలి. మీ బంగారం, పుట్టింటివాళ్లు పెట్టిన సామాను స్త్రీధనం, అది మీదే, దాన్ని తిరిగిచ్చి భరణంలో జమ వేసుకుంటామంటే ఒప్పుకోకండి, జాబితా విడిగా రాయించండి. "ఫుల్ అండ్ ఫైనల్" అని ఒకసారి సంతకం పెట్టాక మళ్లీ మీకోసం అడగడం చాలా కష్టం. పిల్లల హక్కు మాత్రం తల్లి సంతకంతో పోదు.

నెలనెలా అయితే, ఏటా లేదా రెండేళ్లకోసారి ఇంత శాతం పెరగాలని అడగండి. హిందూ వివాహ చట్టం కింద ఆయన స్థిరాస్తి మీద చార్జ్ వేయించమని కూడా అడగొచ్చు, అది వేస్తే ఆ ఆస్తి అమ్ముకుని మాయమవడం కుదరదు.

ఆయన అమెరికాలో ఉంటే ఒక ముక్క. అక్కడ మీరు లేకుండా తెచ్చుకున్న విడాకులు చూసి బెదిరిపోకండి. తిరుపతిలో పెళ్లి చేసుకుని మిస్సోరిలో డిక్రీ తెచ్చుకున్న కేసులో 1991లోనే సుప్రీంకోర్టు అలాంటిది ఇక్కడ చెల్లదంది. అయితే ఇక్కడి భరణం డిక్రీ అక్కడ నేరుగా అమలు కాదు, కాబట్టి ఇక్కడున్న ఆయన ఆస్తి మీద దృష్టి పెట్టండి.

8. ఆర్డరు చేతికి రాగానే చదవండి

కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో ఎంత, ఏ తేదీ నుంచి, నెలలో ఎన్నో తారీఖులోపు, ఏ ఖాతాలో, పిల్లలకు విడిగా ఎంత అన్నవి ఉన్నాయా చూడండి. పిటిషను తేదీ బదులు ఆర్డరు తేదీ నుంచి అని ఉంటే, కారణం రాశారేమో చూసి, పై కోర్టుకు వెళ్లాలా అని వెంటనే ప్లీడరుతో మాట్లాడండి.

డబ్బు ఖాతాలోనే తీసుకోండి. చేతికిచ్చినదానికి రుజువుండదు, "పాప ఫీజు కట్టాను, అందులో తగ్గించుకున్నాను" అనే గొడవ కూడా ఇక్కడే మొదలవుతుంది.

9. ఇవ్వడం మానేస్తే

ఆర్డరు వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చేసినట్టు కాదు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి మూడు గళ్లు గీయండి: నెల, రావాల్సింది, వచ్చింది. ప్రతి నెలా నింపండి.

144 కింద బకాయి వసూలుకు, డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషను వేయాలి. ఏడాది దాటిన నెలలకు ఆ దారిలో వారెంటు రాదు. "ఇస్తాడులే" అని రెండేళ్లు చూసి, మొదటి ఏడాది బకాయి మొత్తం పోగొట్టుకున్నవాళ్లను చూశాను, అందుకే నా మాట వినండి, మూడు నెలలు ఆగిందంటే నాలుగో నెలలో పిటిషను వేసేయండి. కట్టని ఒక్కో నెలకూ నెల రోజుల దాకా జైలు వేయొచ్చు. జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది, ఆ మొత్తం ఇంకా కట్టాల్సిందే.

10. పరిస్థితి మారితే

ఆయనకు ప్రమోషన్ వచ్చినా, పిల్లలు ఇంటర్‌కో ఇంజనీరింగ్‌కో వచ్చినా, మీకు జబ్బు చేసినా పెంచమని అడగొచ్చు. పాత ఆర్డరు, కొత్త ఖర్చుల రుజువులు, కొత్త అఫిడవిట్ పెట్టి అదే కోర్టులో పిటిషను వేయాలి. ఆయన ఉద్యోగం నిజంగా పోతే తగ్గించమని ఆయనా అడగొచ్చు, కానీ కోర్టు మార్చేదాకా పాత మొత్తమే ఇవ్వాలి, తనంతట తాను తగ్గించుకోవడానికి లేదు. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే మీ నెలవారీ భరణం ఆగుతుంది, పిల్లలది ఆగదు.

పెంపు పిటిషనుకు వచ్చేటప్పుడు ఆ గళ్ల పేజీలున్న నోటుబుక్కు కూడా తెచ్చుకోండి, మొదట అడిగేది దాన్నే.